ఆఖరి స్టేజీ దాటినంక

ఆదివారం పొద్దున ఐదున్నర.
దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో
పూలమూటల మీద కునుకు తీసేవాళ్ళు,
నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, మేమిద్దరం.
తాహెరా చేతిలో నీళ్ళ సీసా,
నా సంచిలో నాలుగు జొన్నరొట్టెలు, వెల్లుల్లికారం.
కండక్టరు ఆధార్ కార్డులు తిప్పి చూసి
రెండు జీరో టికెట్లు చేతిలో పెట్టాడు.
"ఇంత పొద్దుగాల యాడికి, పెండ్లికా?"
"గుట్టకు" అంది తాహెరా.
"గుట్ట మీద ఏ దేవుడు?"
మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

వారమంతా ల్యాబులో మేం రక్తం చూస్తాం.
గాజుపలక మీద చుక్క,
చుక్కలో ఎవరి జ్వరమో, ఎవరి భయమో.
జానెడు దూరం దాటి చూడటం
కళ్ళు ఎప్పుడో మానేశాయి.
శిఖరాలు ఎక్కాలని కాదు నాకు,
దూరంగా ఉన్నదాన్ని దేన్నైనా
దూరంగానే ఉంచి చూడాలని, అంతే.

బి.ఎన్.రెడ్డి నగర్ దాటేదాకా
షట్టర్లు, షట్టర్లు, షట్టర్లు.
తుర్కయంజాల్ దగ్గర మొదటి గేదె.
ఇబ్రహీంపట్నంలో బస్సు మారాం.
పల్లెవెలుగు కిటికీకి అద్దం లేదు, గాలికి మొహమాటం లేదు.
కోళ్ళ గంప ఒకటి
నా పాదాల మీద కూర్చుని ప్రయాణం చేసింది.

ఆఖరి స్టేజీలో బస్సు
ముసలెద్దులా ఒక చుట్టు తిరిగి ఆగింది.
వేపపుల్ల నముల్తూ డ్రైవరన్నాడు:
"నాలుగుంపావుకు ఆఖరు ట్రిప్పు. తప్పితే రేపే."
ఆ పూటకి మాకున్న గడియారం అదొక్కటే.

దారికి పేరు లేదు, బోర్డు లేదు, బాణం గుర్తు లేదు.
మేకలు నడిచి నడిచి గీసిన గీత,
పరికి కంపల్లో దూరి, తంగేడు పొదలు చుట్టి
గుండ్ల వైపు పోతుంది.
ఆ గుండ్లు ఒకదాని మీదొకటి ఎక్కి
రేపో మాపో పడతామని
ఎన్ని యుగాలుగానో బెదిరిస్తూనే ఉన్నాయి.
మోకాలు టక్కుమన్నప్పుడల్లా తాహెరా
ఒక గుండును పట్టుకుని
"షుక్రియా" అంటుంది దానితో.

నడుమ ఒకచోట సున్నం పూసిన రాళ్ళు,
వాటి మీద ప్లాటు నంబర్లు.
నూటరెండులో ఒక తొండ
రిజిస్ట్రేషన్ అయిపోయినట్టు తలాడిస్తోంది.
చూసీ చూడనట్టు దాటేశాం.

సగం గుట్టలో బీరమ్మ ఎదురైంది.
భుజాన గొంగడి, చంకలో గొర్రెపిల్ల.
మమ్మల్ని చెప్పుల నుంచి చున్నీ దాకా చూసి
"ఏం పోగొట్టుకున్నరు బిడ్డా?" అంది.
ఆమె లెక్కలో నిజమే.
తప్పిపోయిన జీవం లేకుండా
గుట్టంతా ఎవరు తిరుగుతారు?
"ఏం లేదు పెద్దమ్మా, ఊకెనే నడుస్తున్నం."
"ఊకెనేనా!"
ఆ మాటను కాసేపు రొట్టెలా నమిలింది.
మా రొట్టె నిజంగానే ఒకటి తీసుకుని
గుండ్ల సందులోని దొన చూపించింది.
దోసెడు మబ్బు పట్టేంత నీళ్ళు.
"శివరాత్రి దాకుంటయి. నాకూ, నెమళ్ళకూ.
ఇయ్యాల మీకు గూడ."

పైకెక్కితే పట్నం కనిపించింది,
అంచున బూడిదరంగు మరక,
గాజుపలక మీద ఆరిపోయిన చుక్కంత.
అందులోనే ఎక్కడో మా ల్యాబు,
నా గది, దాని అద్దె, సోమవారం.
తాహెరా ఒక కన్ను మూసి
బొటనవేలితో దాన్నంతా కప్పేసింది.
"రిపోర్టు రాసుకో. నార్మల్."
ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.
తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.
గాలి ఒక్కటే
మా తరఫున ఏదో చెప్తూ పోయింది.

దిగేటప్పుడు జారాను. అరచేయి గీరుకుంది.
చిన్న చుక్క. దానికి లేబులు అంటించలేదు,
గడ్డాకుతో తుడిచేశాను.

పరుగున వచ్చేసరికి
బస్సు హారన్ కొడుతూ మాకోసమే ఆగింది.
ఎక్కాక, ఊపిరి తిరిగాక
సంచి వెతికి తాహెరా అంది:
"డబ్బా మూత లేదే! దొన దగ్గరే మరిచాం."
బస్సు కదిలింది.
వెనక అద్దంలో గుట్ట మెల్లగా కూర్చుంటోంది.

పోనీలే అనుకున్నాను.
వచ్చే ఆదివారం పెద్దమ్మ అడిగితే
చెప్పడానికి ఒకటుంది.